మైదుకూరులో ఇచ్చిన తంతి

కర్నూలు నుంచి రాజంపేటకు బస్సులో పోయినవాళ్లు చాలామందే ఉంటారు. టాపు తీసేసిన రెండు సీట్ల ఎర్ర కారులో, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, ఐదేళ్ల కూతుర్ని సీట్ల వెనక ఇరుకు జాగాలో దుప్పటి మడత మీద కూర్చోబెట్టుకుని పోయినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ దారిలో ఏం చూశావు, ఏం తిన్నావు అని అడిగినవాళ్లకు ఇన్నాళ్లూ సగమే చెబుతూ వచ్చాను. ఈసారి మొత్తం రాస్తున్నాను.

కర్నూలు

మా ఊరు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులు గుడారాల్లో నడుస్తుండేవి. కోస్తా నుంచి వచ్చిన గుమాస్తాలు అద్దె ఇళ్ల కోసం గల్లీగల్లీ తిరుగుతుండేవారు. మా నాన్నకు ఊరి చివర చెనక్కాయల నూనెమిల్లు ఉండేది. గుంతకల్లులో రైల్వే ఇంజనీరుగా పనిచేసిన దొర ఒకడు స్వదేశానికి పోతూ పోతూ తన పందెం కారు అమ్ముతున్నాడని తెలిసి, నాన్న వద్దంటున్నా వినకుండా కొన్నాను.

నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, "మూట పెట్టేదానికి జాగా లేదు, నలుగురు కూచునేదానికి జాగా లేదు. దీన్ని కారంటారా?" అన్నాడు. మళ్లీ దాని దగ్గరికి రాలేదు.

కారును మనిషిని చేసినవాడు ఖాదర్ బాషా. మిల్లు ఆవరణలోనే ఒక మూల రేకుల షెడ్డులో ఉండేవాడు. షెడ్డు వెనక రెండు గదుల్లో భార్యా, నలుగురు పిల్లలూ. మా మిల్లు ఇంజను పదిహేనేళ్లుగా ఆయన చేతి మీదనే నడుస్తోంది. ఊళ్లో బస్సులవాళ్లూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. నా కారు ఇంజను మొత్తం విప్పి, బేరింగులు కొత్తవి వేసి, మద్రాసు నుంచి నేను తెచ్చిన రెండో కార్బురేటరు బిగించి మూడు నెలల్లో చేతికిచ్చాడు. నేనంతటితో ఊరుకోలేదు. మద్రాసులో పందెం కార్లు నేలకు ఆనుకున్నట్టు ఉండటం చూసి వచ్చాను. నా కారు కూడా అట్లాగే కిందికి దించమన్నాను.

ఖాదర్ బాషా ఒప్పుకోలేదు. "వద్దు రెడ్డిసాబ్. మద్రాసు రోడ్డు వేరే, మన రోడ్డు వేరే. కింద ఆయిలు తొట్టి ఉండాది. రాయి తగిలితే పగులుతాది."

"చూసుకుని నడుపుతాలే" అన్నాను.

మూడు రోజులు వాదించి చివరికి దించాడు. బయలుదేరే ఉదయం రోడ్డు దాకా కారు వెంట నడిచి వచ్చి, "కింద ఏదన్నా తగిలినట్టు ఉంటే దిగి చూడండి. సిగ్గుపడొద్దు" అని చెప్పాడు. అప్పటికే నేను గేరు మార్చాను.

నంద్యాల

శివరాత్రి పోయిన వారం. ఎండ ఇంకా ముదరలేదు. నల్లరేగడి చేలల్లో జొన్న కోతలు అయిపోయి మొదళ్లు మిగిలి ఉన్నాయి. కారు శబ్దం విని చేలల్లోవాళ్లు రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చేవారు. నా భార్య పద్మావతి చీర కొంగు తల చుట్టూ బిగించి కట్టుకుని, ముఖం నిండా దుమ్ముతో నవ్వుతూ కూర్చుంది. పెళ్లైన ఏడేళ్లలో ఆమె అంత గట్టిగా నవ్వగా నేను వినలేదు.

నంద్యాలలో ఒక హోటలు ముందు ఆపి బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తెప్పించుకున్నాం. ప్లేటు రెండణాలు. మా కర్నూలు ఉగ్గానిలో పుట్నాలపొడి దండిగా వేస్తారు, అక్కడ నిమ్మకాయ ఎక్కువ పిండుతారు. కారు చుట్టూ ముప్పై మంది చేరారు. ఒక ముసలాయన బానెట్టు మీద చెయ్యి పెట్టి, "ఏమప్పా, దీనికి పైకప్పు కొనేదానికి దుడ్లు చాల్లేదా?" అని అడిగాడు. ఆయన నిజంగానే జాలిపడి అడిగాడు.

అహోబిలం

ఆళ్లగడ్డ దగ్గర పెద్ద రోడ్డు వదిలి నల్లమల వైపు తిరిగాం. ఆ రాత్రి దిగువ అహోబిలంలో సత్రంలో పడుకున్నాం. మర్నాడు పొద్దున ఎగువకు నడిచి వెళ్లాం. దారిలో చెంచు దంపతులు ఒక ఆకు దొప్పలో తేనె పోసి మా సుశీలకు ఇచ్చారు. డబ్బు ఇవ్వబోతే ఆ చెంచామె తీసుకోలేదు. "బిడ్డకు ఇచ్చింది అమ్మినట్టా?" అంది. చెంచులక్ష్మిని నరసింహస్వామి పెళ్లాడాడు కాబట్టి స్వామి తమకు బావ అని చెప్పుకుంటారు వాళ్లు. దేవుణ్ణి బావా అని పిలిచే చనువు మాకెక్కడుంది! మేమంతా భయపడుతూ మొక్కేవాళ్లమే.

మధ్యాహ్నం తిరిగి ఆళ్లగడ్డకు వస్తుండగా, ముందు పోతున్న బస్సు దుమ్మంతా మా మీద పడుతోందని దాన్ని దాటబోయాను. కారు రోడ్డు అంచుకు దిగింది. కింద ఠంగుమని ఒక దెబ్బ. పాదాల కింద రేకు అదిరింది.

"ఏదో తగిలింది. ఆపండి" అంది పద్మావతి.

"ఏమీ కాలేదులే."

"ఖాదరు సాయిబు దిగి చూడమన్నాడు కదా."

"బస్సు మళ్లీ ముందుకు పోతాది. ఆళ్లగడ్డలో చూస్తా" అన్నాను. ఆళ్లగడ్డలో చూడలేదు. కాఫీ తాగి బయలుదేరాం.

చాగలమర్రి దాటాక, వెనక్కి తిరిగి కూర్చుని రోడ్డు చూస్తున్న సుశీల, "నాయనా, మన కారు గీత గీస్తాండాది" అంది.

"గీయనీలేమ్మా" అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముఖం చెల్లదు.

దువ్వూరు దాటాక

ఇంజనులో రాళ్లు దంచినట్టు చప్పుడు మొదలైంది. అర ఫర్లాంగు పోయేసరికి బిగుసుకుపోయింది. నాలుగు దిక్కులా కడప బండలు పాతిన చేను కంచెలు తప్ప ఏమీ లేవు. ఒక రైతు తన ఎద్దులను బండి నుంచి విప్పి, మోకు తెచ్చి కారుకు కట్టాడు. అతని పేరు ఓబులేసు. పందెం కారును ఎద్దులు లాగుతుంటే నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా వచ్చే బండ్లవాళ్లందరూ, ఏదో తిరునాళ్లకు కట్టిన బండి అనుకుని, "యాడికప్పా, పరసకా?" అని అడుగుతూ పోయారు. ఓబులేసు మాత్రం ఒక్కసారి కూడా నవ్వలేదు. మైదుకూరులో విడిచిపెట్టి, ఎద్దులకు నీళ్లు పెట్టి, మా దగ్గర ఏమీ పుచ్చుకోకుండా వెళ్లిపోయాడు. "రేప్పొద్దున నా బండి ఇరిగితే నువ్వు నిలబడవా?" అన్నాడు. నేను నిలబడేవాణ్ణో కాదో నాకు తెలియదు.

మైదుకూరు

బస్సులు నిలిచే చోట ఒక డ్రైవరు వచ్చి బానెట్టు తెరిచి, ఇంజను తిప్పబోయి, "బేరింగులు పోయినాయన్నా. పాతవి వేసింటారు. కొత్తవైతే ఇంత తొందరగా పోవు" అన్నాడు. అతను కింద వంగి చూడలేదు. నేనూ చూడలేదు.

ఆ ఒక్క మాట చాలింది నాకు. ఎద్దులు లాక్కొచ్చిన అవమానం ఇంకా తగ్గలేదు. పోస్టాఫీసులో తంతి ఉందని తెలుసుకుని నేరుగా అక్కడికి పోయాను. పద్మావతి వెంట వచ్చింది. "ముందు సరిగ్గా తెలుసుకోండి. ఆయన అట్లాంటి మనిషి కాదు" అని మెట్ల మీద చెప్పింది. నేను ఫారం తీసుకుని నాన్నకు ఇంగ్లీషులో రాశాను: ఖాదర్ మోసం చేశాడనుకుంటున్నాను, పాత సామాను వేశాడు, ఇంజను పోయింది.

పోస్టుమాస్టరు మాటలు లెక్కపెట్టి, మంచి మనసుతోనే, "ఒకట్రెండు తగ్గించుకుంటే మీకు కలిసొస్తాది" అన్నాడు.

నేను 'అనుకుంటున్నాను' కొట్టేశాను.

కడప

మర్నాడు చెనక్కాయల లారీ ఒకటి మమ్మల్ని తాడు కట్టి కడప దాకా లాక్కుపోయింది. పెన్నలో నీళ్లు లేవు, ఇసుక తెల్లగా మెరుస్తోంది. చెన్నూరు దగ్గర తమలపాకు తోటల చల్లగాలి ముఖానికి తగిలితే ప్రాణం లేచొచ్చింది.

కడపలో మరమ్మతు చేసినాయన పేరు జ్ఞానప్రకాశం. యుద్ధకాలంలో మిలిటరీ బళ్లు బాగుచేసిన మనిషి, ఆదివారం చర్చిలో పాటలు పాడించే పెద్ద. కారును మొద్దుల మీదికి ఎక్కించి కింద దూరాడు. నిమిషం కూడా కాలేదు, "రెడ్డిగారూ, ఇట్ల రాండి" అని పిలిచాడు. నేను నేల మీద వెల్లకిలా పడుకుని చూశాను. ఆయిలు తొట్టి లోపలికి సొట్టపడి, మధ్యలో వేలెడు పగులు.

"రాయి తగిలింది. ఆయిలంతా కారిపాయ. ఆయిలు లేకుంటే ఏ ఇంజనన్నా బిగుసుకుంటాది."

సాయంత్రానికి ఇంజను విప్పాడు. మూడు బేరింగులు కాలిపోయాయి. నాలుగోది ఒక్కటే మిగిలింది. దాన్ని గుడ్డతో తుడిచి నా అరచేతిలో పెట్టాడు. "కొత్తది. అద్దం మాదిరి ఉండాది సూడండి. ఇంత నున్నగా కూర్చోబెట్టినోడు ఎవరప్పా?"

"మా కర్నూల్లో ఒకాయన."

"శానా పనిమంతుడు" అన్నాడు.

పద్మావతి పక్కనే నిలబడి అంతా విన్నది. బసకు పోతూనే, "ఇప్పుడే ఇంకో తంతి ఇయ్యండి. మామ కోపం మీకు తెలీదా? ఆడ పిల్లలుండారు" అంది.

పోస్టాఫీసు రోడ్డుకు అవతలే. పోయాను. ఫారం తీసుకున్నాను. నాన్నకు ఇంగ్లీషు రాదు, తంతి వస్తే మిల్లు గుమాస్తా అందరి మధ్యా బిగ్గరగా చదివి చెబుతాడు. నిన్న ఒకటి, ఈరోజు దానికి ఎదురుగా ఇంకొకటి. తప్పు నాది అని నా పేరుతో గుమాస్తా చదువుతుంటే నాన్న ముఖం ఎట్లా ఉంటుందో కనబడింది. వద్దని చెప్పినా కారు కొన్నాను. వద్దని చెప్పినా కిందికి దించాను. ఇంటికి పోయాక నిదానంగా చెప్పవచ్చులే అనుకుని ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను. పక్క సందులో ఎర్రకారం పూసిన దోసె తిన్నాను. చాలా బాగుంది. అది కూడా రాయాలి కదా.

బసకు వచ్చాక పద్మావతి అడిగింది. "తంతి ఇచ్చినారా?"

"ఇచ్చినా" అన్నాను.

ఆమె సరేనని, సుశీలకు జడ వేయడం మొదలుపెట్టింది. మూడు రోజులు కడపలో ఉన్నాం. ఆ మూడు రోజులూ పోస్టాఫీసు ముందు నుంచే అటూ ఇటూ తిరిగాను.

రాజంపేట

పద్మావతి అక్కను ఇచ్చిన ఊరు. తోడల్లుడు నారాయణరెడ్డి మమ్మల్ని చూసి వీధిలోకి పరిగెత్తుకొచ్చాడు. అక్కడ మా వైపులాగా జొన్నరొట్టె పెట్టరు. పొద్దున సంగటి, చెనక్కాయల పచ్చడి ఊరుబిండి, మధ్యాహ్నం వరి అన్నం. బొబ్బట్లను మేము బక్ష్యాలంటాం, వాళ్లు ఓళిగలంటారు, నెయ్యి మాత్రం రెండుచోట్లా ఒకటే. కడపలో మళ్లీ కొత్తయిన ఇంజను వానలా చప్పుడు చేస్తుంటే, ఊళ్లో పెద్దమనుషులందరినీ ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యేటి ఒడ్డు దాకా తిప్పాను. రెండు రోజులు ఉందామని వచ్చినవాళ్లం నాలుగు రోజులు ఉన్నాం.

"కారు ఇంత బాగా ఎవరు చేసినారు?" అని నారాయణరెడ్డి అడిగాడు.

"నేనే దగ్గరుండి చేయించినా" అన్నాను. వడ్డిస్తున్న పద్మావతి గరిటె ఆపి నా వైపు చూసింది. ఖాదర్ పేరు ఎందుకు చెప్పలేదని ఆ చూపు. పదిమందిలో ఉన్నామని మళ్లీ వడ్డించసాగింది.

మళ్లీ కర్నూలు

తిరుగుదారిలో ఎక్కడా ఏమీ జరగలేదు. మిల్లు గేటు దాటేసరికి రేకుల షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల నేల ఊడ్చి ఉంది. వెనక గదుల్లో ఎవరూ లేరు. పొయ్యి రాళ్లు మాత్రం ఉన్నాయి.

నాన్న వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కారు చప్పుడు విని తలెత్తాడు. "ఏమిరా, బాగైందా? ఆ సాయిబును పంపించేసినాలే. నీ తంతి వచ్చిన రోజే."

"ఏమన్నాడు?" అని అడిగాను.

"ఏమంటాడు! బండి నాకు చూపించండి, చూసినాక మాట్లాడండి అన్నాడు. నా కొడుకు మాట కన్నా బండి సాక్ష్యం ఎక్కువా అన్నాను. మర్నాడు మధ్యాహ్నానికి సామాను ఎత్తుకుని పాయ."

పద్మావతి సుశీలను దింపుతున్నది అట్లాగే ఆగిపోయింది. "రెండో తంతి అందలేదా మామా?"

"రెండోదేంది? ఒకటే వచ్చింది."

నాన్నకు ఏమీ అర్థం కాలేదు. పద్మావతి నా వైపు తిరిగింది. తిట్టలేదు, ఏడవలేదు. "మీరు ఇచ్చినా అంటే నేను అక్క ఇంట్లో నాలుగు దినాలు నిశ్చింతగా అన్నం తింటి" అని మాత్రం అని, బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత ఆమె ఆ కారు ఎక్కలేదు. అందులో ఊరికే కూర్చోమని నేనూ ఎప్పుడూ అడగలేకపోయాను.

ఆ సాయంత్రమే నాన్నకు జరిగింది చెప్పాను. "అందరి ముందరా పొమ్మన్నవాణ్ణి మళ్లీ రమ్మంటే నా మాటకు విలువేముంటాదిరా?" అన్నాడాయన. "అయిందేదో అయింది. వానికి చేతిపని ఉండాది, యాడైనా బతుకుతాడు."

ఆదోని

రెండు నెలల తర్వాత ఒక పత్తి వ్యాపారి చెబితే తెలిసింది, ఖాదర్ బాషా ఆదోనిలో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో ఉన్నాడని. బస్సులో పోయాను. మిల్లంతా పత్తి ధూళి, పొగమంచులా. పదిహేనేళ్లు తన షెడ్డులో పదిమందికి పని చెప్పిన మనిషి, అక్కడ ఇంకొకడి కింద నూనె డబ్బా పట్టుకుని యంత్రాలకు ఆయిలు వేస్తున్నాడు. నన్ను చూసి డబ్బా కింద పెట్టి, భుజం మీది గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"రాండి రెడ్డిసాబ్. అమ్మాయి బాగుండాదా?" అని అడిగాడు.

బయట టీ అంగడి దగ్గర నిలబడి అంతా చెప్పాను. రాయి సంగతి, కడపలో చూసిన బేరింగు సంగతి, ఇవ్వని తంతి సంగతి. ఆయన టీ చల్లారుతున్నా తాగకుండా విన్నాడు.

"షెడ్డు అట్లనే ఉండాది. నాయనతో నేను మాట్లాడుకుంటా. వచ్చేయండి" అన్నాను.

"మా చిన్నోణ్ణి ఈడ బడిలో చేర్పించినా సాబ్. మళ్లీ యాడికి కదలను." టీ గ్లాసు చేతిలో తిప్పుతూ అన్నాడు. "నేను మోసం చేయలేదని నాకు చెప్పేదానికి ఇంత దూరం వచ్చినారు. ఆ సంగతి నాకు ముందే తెలుసు కదా సాబ్. తెలియనోళ్లకు చెప్పండి."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. టీ రెండు గుక్కల్లో తాగి, నా టీకి కూడా తానే అణా ఇచ్చి, లోపలికి వెళ్లిపోయాడు.

బస్సులో దారంతా ఆ మాటే. మర్నాడు శనివారం, కూలి ఇచ్చే రోజు. మా మిల్లు ఆవరణలో అరవై మంది కూలీలు, గుమాస్తా, బండ్లవాళ్లు, వరండాలో నాన్న. అప్పటికి రెండు నెలలుగా ఆగిపోయిన మాటను ఆ రోజు మెట్ల మీద నిలబడి చెప్పాను. ఖాదర్ బాషా వేసిన సామాను కొత్తదేనని, కారు చెడగొట్టింది నేనని, తెలిసి కూడా ఊరుకున్నానని. పెద్దగా చెప్పాను.

నాన్న కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్లిపోయాడు. కూలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ముప్పై ఏళ్లుగా మా కాటా దగ్గర తూకం వేస్తున్న పుల్లన్న తలపాగా సర్దుకుంటూ, "ఈడ తెలియనోళ్లు ఎవరుండారప్పా?" అన్నాడు. "ఖాదరు సంగతి మాకు తెలీదా? ఆ పొద్దే తెలుసు మాకందరికీ."

"మరి ఎవరూ మాట్లాడలేదే?"

"మీ తంతి వచ్చినాక మాదేముంది మాట" అన్నాడు పుల్లన్న. తర్వాత కూలీల వైపు తిరిగి వరుసలో నిలబడమని కేక వేశాడు.